బండ వెనుక చేపలు

తొంభైల మొదట్లో ఒమాన్‌లోని ఖురియాత్ దగ్గర, ఏడాదంతా కాస్త నీరుండే ఒక వాగు మీద మా కంపెనీ కల్వర్టు కడుతుండేది. డ్యూటీ అయ్యాక నేను ఒడ్డున కూర్చుని, చేపలు ఎక్కడ నిలుస్తున్నాయో రాసుకునేవాణ్ణి. నీటి ఉరవడి పెరిగిన పదకొండు సార్లలో తొమ్మిది సార్లు అవి వంపులోని పెద్ద బండ వెనక్కే చేరాయి.

"ఏందన్నా, చేపలకు హాజరేస్తున్నవా?" అని నా రూమ్‌మేట్ నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం ఎక్కడో కొండల్లో వాన పడింది. మా మీద ఎండ కాస్తుండగానే ఎర్రని నీరు గోడలా వచ్చి పడింది. కాంక్రీటు మిక్సర్‌ను బోర్లా తిప్పింది, ఒక మేకను రాళ్లకు కొట్టి చీల్చింది. బండకు ఎగువన పారల కోసం దిగిన రూమ్‌మేట్‌ను లాక్కుపోయింది. ఒక దుంగ తగిలి అతని భుజం విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా అతను ఒడ్డుకే ఎదురీదుతున్నాడు.

"ఇటు రాకురా, బండ ఎన్కకు పో, చేపలుండే కాడికి" అని అరిచాను.

మునిగిపోయాడు. నలభై దాకా లెక్కపెట్టాక బండ వెనుక నెత్తుటి తల తేలింది. అక్కడ నీరు మెల్లగా తిరుగుతోంది. మేము తాడు వేసి లాగేదాకా ఒంటి చేత్తో బండను పట్టుకునే ఉన్నాడు.

ఒడ్డున పళ్లు బిగబట్టి, "అన్నా, నాక్కూడ హాజరెయ్యి" అన్నాడు.