కండె మింగిన దారం

మూరెడు పట్టుదారానికి ఏం బరువుంటుంది? ఊదితే లేచిపోతుంది. దాన్నే నేను ఏళ్ల తరబడి మోశాను. గద్వాలలో మా వీధివాళ్లు నన్ను బంగారం లాంటి అల్లుడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మగ్గం గుంటలోకి ఇంకాస్త దిగిపోవాలనిపిస్తుంది. వీధికి చెప్పే ధైర్యం ఇంకా లేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని చీరలు నేస్తాను. మా దగ్గరే ఉండే అత్తమ్మ రాట్నం మీద దారాన్ని కండెలనే చిన్న గొట్టాలకు చుడుతుంది. మా కుక్క పేరు కూడా కండే. పిల్లగా వచ్చినప్పుడు అంత పొట్టిగా, గుండ్రంగా ఉండేది. ఇప్పటికీ పెద్దగా పెరిగింది లేదు. నేను గుంటలో కూర్చుంటే అది గట్టు మీద, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా కూర్చునేది. ఆ వాలకం చూస్తే ఎవరికైనా ఆటపట్టించాలనిపిస్తుంది. నాకు మరీను.

ఒక ఆదివారం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అంచు నేసే ఎర్ర పట్టుదారాన్ని మటన్ ముక్కకు ముడివేసి పైకీ కిందికీ ఆడించాను. అది వెనక కాళ్ల మీద లేచి గంతులేసింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులో చెయ్యి సడలింది. ముక్కా, దారమూ గుటుక్కున లోపలికి పోయాయి. అదే బయటికి వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. కండె తిన్నదంతా కక్కింది, తర్వాత తినడమే మానేసింది. నాగర్‌కర్నూల్‌లో కుక్కలకు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉందంటే, అత్తమ్మా నేనూ దాన్ని తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కాం. ఏమైనా మింగిందా అని డాక్టరమ్మ అడిగింది. తెలియదన్నాను. ఎందుకలా అన్నాను? పక్కన అత్తమ్మ ఉంది. కుక్క ప్రాణం పోతుంటే నాకు పరువు అడ్డం వచ్చింది.

డాక్టరమ్మ పొట్ట కోసి, ముడతలు పడిన పేగులోంచి దారం తీసి మాకు చూపించింది. అత్తమ్మ చూడగానే గుర్తుపట్టింది. నేత ఇంట్లో కింద పడిన ప్రతి పోగుకూ కండెలు చుట్టే మనిషే జవాబు చెప్పాలి. అందులోనూ పట్టు చుట్టడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. అలాంటి మనిషి ఆసుపత్రి మెట్ల మీద కూలబడిపోయింది.

"అల్లుడా, నేనే కింద ఇడిసిపెట్టిన కావచ్చు. కండ్లు సక్కగ కనిపిస్తలేవు" అంది.

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేనన్నది ఇది: "పోనియ్యి అత్తమ్మా. వయసు మీద పడ్డంక గిట్లనే అయితది."

విన్నారా? నా తప్పుకు నేను ఆమెను క్షమించాను! అల్లుడు పల్లెత్తు మాట అనలేదని ఆమే వీధంతా చెప్పుకుంది.

కండె మాత్రం భలేగా కోలుకుంది. పొట్టంతా గొరిగేసరికి ఈకలు పీకిన కోడిలా తయారైంది. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ గొట్టం తగిలించారు. దాంతో తలుపు సందులో ఇరుక్కుంది, చెంబులు దొర్లించింది, చివరికి గోడకు రుద్ది రుద్ది ఆ గొట్టాన్ని పగలగొట్టింది. అప్పుడు అత్తమ్మ మిగిలిపోయిన జరీ అంచు గుడ్డతో దానికి అంగీ కుట్టింది. జరీ వేసుకుని అరుగు మీద కూర్చున్న కండెను చూడ్డానికి పిల్లలేమిటి, పెద్దలేమిటి, అందరూ వచ్చారు. పెళ్లికూతురికి లగ్గం ఎప్పుడని ఎకసెక్కాలాడారు. అది మొదటిసారి గిన్నె నాకి తోక ఊపిన రోజు అత్తమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కుట్ల చోట వెంట్రుకలు మళ్లీ వచ్చాయి కానీ, నల్లటి ఒంటికి అక్కడ మాత్రం తెల్లగా, సన్నంచులా వచ్చాయి. వెల్లకిలా పడుకుని దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. దాచుకోవడం దానికి తెలియదు.

అంతా బాగైంది, ఒక్కటి తప్ప. అత్తమ్మ మళ్లీ పట్టు ముట్టలేదు. నూలే చుట్టేది. పట్టు నా భార్య చుట్టేది, అది రోజూ తెగేది. పని ముగిశాక అత్తమ్మ పోగు ఏదైనా మిగిలిందేమోనని నేలంతా అరచేత్తో తడిమేది. కండె వాసన చూస్తూ వెనకే తిరిగేది. నేను ఆమె పెట్టిచ్చిన చాయ్ తాగుతూ చూసేవాణ్ని. ఎన్నిసార్లు నోరు తెరిచానో. చాయ్ బాగుందని చెప్పి మూసుకున్నాను.

ఈ రోజు పొద్దున చెప్పేశాను. మగ్గం ఆపి, గుంటలోంచే. మటన్ ముక్క, ముడి, నా నవ్వు, అన్నీ. రాట్నం ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. తన రెండు చేతులను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకుంది. తర్వాత లేచి, కూతురి దగ్గరున్న ఎర్ర పట్టు తీసుకుని రాట్నానికి వేసింది.

మధ్యాహ్నం ఇంట్లో అందరికీ చాయ్ వచ్చింది. కండెకు బిస్కెట్ కూడా వచ్చింది. నాకు ఏదీ రాలేదు, నేను అడగనూ లేదు. ఆమె చుట్టిన కండెలతో పొద్దుగూకేదాకా నేశాను. దారం ఒక్కసారి కూడా తెగలేదు.