నెయ్యి పూసిన గోదావరి

నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కానీ నవ్వడం అయ్యాక చెప్పండి, తప్పు నాదా, ఈ ఊరిదా? రాజమండ్రిలో, గోదావరి గట్టున, సన్నాయి మోగుతుండగా, మా బడి పిల్లలు వారాల తరబడి కష్టపడి చేసిన కళాఖండం నా కళ్ళముందే నామరూపాల్లేకుండా పోయింది. వరద రాలేదు, గాలివాన రాలేదు. వచ్చింది ముఖ్య అతిథి.

ఇది నిరుటి మాట. అప్పటికి నేను మున్సిపల్ స్కూల్లో కొత్తగా చేరిన డ్రాయింగ్ మాస్టర్ని. ప్రపంచంలో ఎవరికీ రాని ఆలోచన నాకే వస్తుందనే జబ్బొకటి ఉండేది. నగర కళోత్సవంలో ఈసారి బడిపిల్లల చేత, వాళ్ళ ఇంటివాళ్ళను కూడా కలుపుకుని, ఏదైనా చేయించమని కమిటీవారు కబురు పెట్టారు. ఏటా పెద్ద కాన్వెంట్లకే దక్కే చోటు మొదటిసారి మాకు దక్కింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, కళ్ళజోడు తీసి మరీ చెప్పారు.

"చూడండి మాస్టారూ, ఇది బాగా కుదిరితే వచ్చే ఏడూ పిలుస్తారు. చెడిందో, మన పిల్లలు మళ్ళీ తాడు బయట నిలబడి చూడాల్సిందే."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. ఊరు ఊరంతా చెప్పుకుంటుంది," అన్నాను. ఆ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

నా ఆలోచన ఇదీ. పూతరేకులు చుట్టడానికి వాడే ఉత్త రేకులు కాగితం కన్నా పల్చగా ఉంటాయి కదా! వాటిని వరసగా వేలాడదీసి, వెనక దీపాలు పెట్టి, ముందు పిల్లలు కత్తిరించిన కాగితం పడవలూ కొంగలూ అంటిస్తే? సంధ్యవేళ గోదావరి! రేకులు తీసేది పిల్లల అమ్మమ్మలూ నాయనమ్మలూ. ఆకాశానికీ, వెనక పాపికొండలకీ రంగులంటే పిండిలో పసుపు, బీట్‌రూట్ రసం. చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

ఆరో తరగతి నాగలక్ష్మి చెయ్యెత్తింది. "సార్, అది తినేది కదండీ?"

"కళను ఎవరూ తినరమ్మా. చూస్తారు," అన్నాను గంభీరంగా.

పాపం ఆ పిల్ల తల ఊపి, ఇంట్లో చెప్పింది. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుని, అందరికన్నా ఎక్కువ రేకులు తీసి పంపింది. నాగలక్ష్మి ఒక పడవ కత్తిరించి, అందులో నాయనమ్మను కూర్చోబెట్టింది. "ఆదివారం ఆటోలో చూడ్డానికి వస్తానందండీ సార్. అప్పటిదాకా ఉంటుంది కదండీ?"

"ఎందుకుండదూ!"

ఎందుకుండదంటే, ఆరిన రేకు ముట్టుకుంటే చిట్లిపోతోంది. తడిగుడ్డ అద్దితే మెత్తబడుతుంది, ఆరగానే మళ్ళీ మొదటికే. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఇంటినుంచి డబ్బాడు నెయ్యి తెప్పించి, పిల్లల చేత ప్రతి రేకుకీ బ్రష్షుతో రాయించాను. ఆహా, రేకు మెత్తబడింది, వెనక దీపం పెడితే అద్దంలా మెరిసింది! నెయ్యి రాయనేల, నోళ్ళు ఊరనేల అని నాకు చెప్పినవాడు లేడు.

శనివారం సాయంత్రం కమిటీ పెద్దమనిషొకాయన వచ్చి, గాలి పీల్చి, "మీ స్టాలు ఇక్కడ కాదండి. అటు, బజ్జీల పక్కన," అన్నాడు.

"అయ్యా, ఇది కళాఖండం!"

"అలాగేనండి. బెల్లమా, పంచదారా?"

నా అరుపు ఎవరికీ వినపడలేదు. గోదావరి మొత్తాన్ని మోసుకెళ్ళి బజ్జీల బాండీ పక్కన కట్టాం. ముఖ్య అతిథి గారు ఆలస్యంగా, ఆకలి మీద వచ్చారు. రిబ్బను కత్తిరించి, మా తెర ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. రసికుడే అనుకున్నాను.

"ఇది మన ఊరి అమ్మమ్మల చేతులకీ, నదికీ ఉన్న..." అని మొదలుపెట్టానో లేదో, ఆయన ఒక రేకు తెంపి, మడిచి, నోట్లో పెట్టుకున్నారు.

"నెయ్యి బ్రహ్మాండమండీ! బెల్లమే మర్చిపోయారు."

చప్పట్లు! పెద్దాయన ముట్టాక ఇంకెవరు ఆగుతారు చెప్పండి? జనం వరస కట్టారు.

"ఆగండి! అది గోదావరి!" అని అరిచాను.

"మేమూ గోదారోళ్ళమేనండి," అంటూ ఒకాయన పాపికొండల్ని రెండు ముద్దల్లో ముగించాడు. మర్యాదస్తులు కాబట్టి, కాగితం పడవలు జాగ్రత్తగా ఊడదీసి, పిల్లల చేతికిచ్చి మరీ తిన్నారు. ఎందరు ముసలమ్మల కష్టమండీ అది!

నాగలక్ష్మి తన పడవ పట్టుకుని కాసేపు ఏడుపు ఆపుకుంది. తర్వాత బజ్జీలాయన్ని అడిగి గిన్నెడు బెల్లం కోరు తెచ్చింది. "ఎలాగూ తింటున్నారు కదండీ సార్. నాయనమ్మ రేకులు చప్పగా ఉన్నాయని ఎవరూ అనకూడదండీ." పిల్లలంతా కూర్చుని చుట్టి పెట్టారు. ఆ రాత్రి మా బడికి ప్రథమ బహుమతి ప్రకటించారు, తినుబండారాల విభాగంలో. హెడ్మాస్టరు గారు నన్ను కౌగిలించుకున్నారు. నేను మాత్రం ఖాళీ అయిన నెయ్యి డబ్బా సర్దుకున్నాను.

ఆదివారం నాయనమ్మ గారు రానే వచ్చారు. ఖాళీ తాళ్ళను ఎగాదిగా చూశారు.

"ఏదే, మన గోదారి?"

"తినేశారే నాయనమ్మా."

నేను తలవంచుకున్నాను. ఆవిడ, "మిగిల్చారా?" అని అడిగారు.

"ఒక్కటీ మిగల్లేదే."

ఆవిడ మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. ఏ కళాకారుడికీ అంత తృప్తి దక్కి ఉండదు. నాకైతే దక్కలేదు.

కాబట్టి, గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నెయ్యి తగిలిన ఏ వస్తువునూ ఈ జన్మలో ప్రదర్శనకు పెట్టను. ఈ ఏడు పిల్లల చేత మట్టికుండల మీద బొమ్మలు వేయిస్తున్నాం. మట్టిని తినలేరు కదా! నిన్న కమిటీవారు ఎంతో ఆదరంగా ఫోన్ చేశారు.

"కుండలు బాగున్నాయని విన్నామండీ మాస్టారూ. లోపల ఏం పెడుతున్నారేంటి?"