చివరివాళ్ళ పక్కన

మా మేనత్తను కాలనీలో అందరూ తోకత్త అంటారు. పిల్లలు ఎదురుగానే అంటారు, పెద్దవాళ్ళు ఆమె నాలుగడుగులు దాటాక అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఏడాదికోసారి మా కాలనీలో జరిగే పరుగులో ఆమె అందరికంటే చివర నడుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

అది పందెమేమీ కాదు. కాలనీ చివరి ఆసుపత్రిలో కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళకు వ్యాయామం చేయించే గది ఒకటుంది. దానికి కావలసిన సామాను కోసం చందాలు పోగుచేస్తూ ఒక ఆదివారం పొద్దున జనం సరదాగా పరిగెత్తుతారు. కొందరు నడుస్తారు, కొందరు ఫొటోలు దిగి ఇంటికి పోతారు. దీన్ని మొదలుపెట్టింది మందుల షాపాయన. ముందు వచ్చినవాళ్ళకు బహుమతులు ఉండవు కనుక వాళ్ళెవరో ఎవరికీ గుర్తుండదు. చివర వచ్చినవాళ్ళు మాత్రం అందరికీ గుర్తుండిపోతారు. మొదటి ఏడాది ఒక భారీకాయుడైన గుమాస్తా అందరికంటే వెనకబడి, చప్పట్లు కొడుతున్న జనం మధ్యలోంచి తలవంచుకుని వచ్చాడట. మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

అప్పుడు మందుల షాపాయనకు ఒక ఉపాయం తట్టింది. చివర నడవడానికే ఒక మనిషిని పెడితే ఇంకెవరూ చివరివాళ్ళు కారు. ఆ మనిషికి చేతుల్లేని నారింజరంగు కోటు, ఒక చిన్న చీపురు ఇస్తారు. "దారి ఊడ్చుకుంటూ రావాలన్నమాట!" అని మైకులో చెప్పి, ఎవరు చేస్తారని అడిగితే ఎవరూ పలకలేదు. మా అత్త చెయ్యెత్తింది.

ఆమె చెయ్యెత్తడం మా ఇంట్లో అందరికీ వింతే. నలుగురిలో నోరు తెరిచే మనిషి కాదు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో వెనక గది ఆమెది. ఒక కుట్టుమిషను, గోడ మీద రంగురంగుల దారపుకండెలు, కిటికీలోంచి ఆవిరి. ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుములు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. ఎదుటి మనిషి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని, ఒక్కొక్కటే తీసి అంచుకు గుచ్చుతూ ఉంటుంది. పగలంతా అలా ఉండి ఉండి, సూదులు లేనప్పుడు కూడా పెదాలు బిగబట్టుకోవడం అలవాటైంది.

"నోట్లో సూదులున్న మనిషితో పోట్లాడి ఎవడు గెలుస్తాడమ్మా?" అనేవాడు మామయ్య నాతో.

మామయ్య సిటీ బస్సు డ్రైవరు. అద్దంలో తప్ప వెనక్కి చూసే అలవాటు లేని మనిషి. ఇద్దరూ కలిసి బజారుకు బయల్దేరితే, అత్త తలుపుకు తాళం వేసి మెట్లు దిగేసరికి ఆయన వీధి మలుపులో ఉండేవాడు. అక్కడ నిలబడి నోటితో హారన్ కొట్టేవాడు. ఈమె చేరుకునేలోపు మళ్ళీ బయల్దేరేవాడు. చిన్నప్పుడు నేను అత్త చెయ్యి పట్టుకుని వెళ్ళేదాన్ని. మా ముందు ఎప్పుడూ ఒక బస్సు పట్టేంత ఖాళీ, ఆ ఖాళీకి అవతల మామయ్య వీపు. ఇంట్లోనూ అంతే. వాళ్ళది ఒక దుకాణం పైన అద్దె ఇల్లు. పడకగది నుంచి చేతులు కడుక్కునే తొట్టి దాకా సొరంగంలాంటి నడవా. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. అతుక్కునేది అత్తే.

అందుకే చివర నడిచేటప్పుడు ఆమెను చూడాలి. దారిలో సగం దాటాక, గోడౌన్ల మలుపు దగ్గర నీళ్ళ బల్ల ఉంటుంది. మనుషులతో ఎక్కువ మాట్లాడక్కర్లేని పని కనుక నేను ఏటా దాని దగ్గర గ్లాసులు నింపుతాను. అందరూ వెళ్ళిపోయాక, దారి కాసేపు ఖాళీగా ఉండి, చివరికి అత్త మాట వినిపించేది. ముందు మాట, తర్వాత మనిషి! ఒక ఏడు నిండు గర్భిణి అయిన టీచరు, ఒక ఏడు మోకాళ్ళకు పట్టీలు చుట్టుకున్న పేపరు ఏజెంటు. ఎవరు వెనకబడితే వాళ్ళ పక్కన, భుజానికి భుజం ఆనించి, చీపురు చంకలో పెట్టుకుని నడిచేది. ఏడాదంతా పెదాల వెనక దాచుకున్న కబుర్లన్నీ ఆ పొద్దున వాళ్ళకు చెప్పేసేది. ముగింపు గీత దాటేటప్పుడు మాత్రం వాళ్ళను ఒకడుగు ముందుకు పంపి, తాను వెనక ఆగేది. చివరి మనిషి నియమం అంతే, ఆ ఒక్క అడుగే.

మామయ్యకు ఇదంతా వేళాకోళం. "పరుగన్నాక పరిగెత్తాలి. బస్సు వెనకాల దుమ్ములాగా ఏమిటే ఆ రావడం?" అనేవాడు.

ఆయన రిటైరైన ఏడు, పరుగుకు ముందురోజు అత్త నారింజ కోటు ఇస్త్రీ చేస్తుంటే, "రేపు నేనూ వస్తున్నా," అన్నాడు. అప్పటికే తెల్ల బూట్లు కొనుక్కొచ్చి మంచం కింద దాచాడట. పొద్దున అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు. "డ్రైవరు సీటు ముందుంటుంది గానీ వెనకుంటుందా?" అని మందుల షాపాయనతో పరాచికాలు.

నీళ్ళ బల్ల దగ్గర నేను ఆయన కోసం చూస్తూనే ఉన్నాను. కుర్రకారు వెళ్ళిపోయింది. పసిపిల్లల బళ్ళు తోసుకుంటూ తల్లులు వెళ్ళిపోయారు. మోకాలి పట్టీల పేపరు ఏజెంటు కూడా వచ్చి, మా దగ్గరే ఆగి చెమట తుడుచుకుంటున్నాడు. ఆ తర్వాత దారి ఖాళీ. చాలాసేపటికి మలుపులో మామయ్య కనిపించాడు. గోడౌను గోడకు ఒక చెయ్యి ఆనించి నడుస్తున్నాడు. ఆయన వెనక, దూరంగా, నారింజ కోటు. పక్కన కాదు. చిన్నప్పుడు నేను చూసిన ఖాళీయే మళ్ళీ ఇద్దరి మధ్యా ఉంది.

"ఏం డ్రైవరు గారూ, టైరు పంచరా?" అన్నాడు పేపరు ఏజెంటు.

"ఇంజను వేడెక్కిందయ్యా. నీళ్ళు పోస్తున్నా," అని మామయ్య గ్లాసు అందుకున్నాడు. రెండో చేత్తో బల్ల అంచును పట్టుకున్నాడు. ఆయన ఆగితే అత్త కూడా ఆగింది, ఉన్నచోటే.

మామయ్య వెనక్కి తిరిగాడు. "అక్కడ నిలబడ్డావేమే? ఇటు రా. పక్కన నడు."

"నేను చివర ఉండాలండీ. నియమం."

"పక్కన నడిచినా చివరే కదే."

అత్త చీపురు భుజానికెత్తుకుని నవ్వింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వెనకే నడిచానుగా. ఇవాళ కొత్తగా పక్కకు రమ్మంటే దారి తప్పుతానేమో! పదండి, పదండి."

పేపరు ఏజెంటు పొట్ట పట్టుకుని నవ్వాడు. బల్ల దగ్గరున్నవాళ్ళందరం నవ్వాం. ఎన్నేళ్ళుగా లోపల కుట్టి పెట్టుకుందో ఆ మాట, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా అంత నున్నగా వచ్చింది. మామయ్య కూడా నవ్వాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఒకసారి నేల వంక చూసుకుని బయల్దేరాడు.

కొంతదూరం పోయాక పోస్టాఫీసు సందు వస్తుంది. పరుగు దారి తిన్నగా పోతుంది, సందులోకి తిరిగితే వాళ్ళిల్లు. మామయ్య సందులోకి తిరిగాడు. అత్త సందు మొదట్లో నిలబడిపోవడం నాకు బల్ల దగ్గర్నుంచి కనిపించింది. కాసేపటికి ఆమె చీపురు కిందికి దించి, తిన్నగా నడిచింది. ముందు ఎవరూ లేని చివరి మనిషిగా గీత దాటింది.

"తోక వచ్చింది, మనిషేడీ?" అన్నాడట మందుల షాపాయన మైకులో.

ఇంటికి వెళ్ళేసరికి మామయ్య బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. "బూటు కరిచింది," అన్నాడు. అత్త నమ్మింది. బూట్లను అటక మీదికి విసిరేసింది. ఆ పూట ఇద్దరూ మామూలుగానే భోంచేశారు.

తర్వాత కొన్ని నెలలకు మామయ్య ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియలేదు, జారిపోయిందనే తెలియలేదు. అత్త మెట్ల మీద వెతికింది, వీధిలో వెతికింది. ఆ సాయంత్రం ఆయన పాదం మీద గుండుసూదితో మెల్లగా తాకి చూస్తే, ఆయన పేపరు చదువుకుంటూనే ఉన్నాడు.

డాక్టరు దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళారు. "చదువుకున్నదానివి, రిపోర్టులు చదివి పెట్టు," అంది అత్త. నేను చదివింది సాహిత్యం అత్తా అంటే, "అదీ చదువేగా," అంది. రిపోర్టులు చూసి డాక్టరు, వెన్నులో నరం నలిగిందని చెప్పాడు. మొదటిసారి ఎప్పుడు తెలిసిందని మామయ్యను అడిగాడు.

"ఆ పరుగు నాడండీ. గోడౌన్ల మలుపు దగ్గర. కింద నేలుందో లేదో తెలియలేదు. కాలు నాది కాదేమో అనిపించింది."

"అప్పుడు ఎవరికీ చెప్పలేదా?"

మామయ్య ఆలోచించాడు. "చెబుదామనే అనుకున్నా. పక్కన ఎవరూ లేరు."

నిష్ఠూరంగా అనలేదు. ఏ స్టాపులో ఎవరు దిగారని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. అత్త తన చేతిసంచి జిప్పు లాగుతోంది. సగం దాకా లాగి, అక్కడే వదిలేసింది.

"అప్పుడే వచ్చుంటే బావుండేది. కాలు ఇంత బలహీనపడేది కాదు," అన్నాడు డాక్టరు కాగితం మీద రాసుకుంటూ.

బయట బెంచీ మీద మందుల కోసం ఎదురుచూస్తున్నప్పుడు అత్త నా వైపు చూడకుండా అంది: "ఊళ్ళో వాళ్ళందరి పక్కనా నడిచానే."

ఆపరేషన్ అయింది. మొద్దుబారడం తగ్గింది గానీ కాలికి బలం రాలేదు. ఆసుపత్రిలోని ఆ వ్యాయామం గది వాళ్ళే నాలుగు కాళ్ళ వాకరు ఒకటి ఇంటికి ఇచ్చారు. మామయ్య దాన్ని పట్టుకుని నిలబడి, "ఏడాదికోసారి ఊరంతా ఊడ్చి నాకు నాలుగు కాళ్ళు తెచ్చావే," అన్నాడు. నేను నవ్వబోయి అత్త మొహం చూసి ఆగిపోయాను.

ఆమె ఒకసారి ఆయనతో ఆ మాట ఎత్తిందట. నాకు చాన్నాళ్ళ తర్వాత, మిషను ముందు కూర్చుని, దారం ఎక్కిస్తూ చెప్పింది.

"ఆ రోజు నేను రావాల్సిందండీ అన్నాను. ఏ రోజు అన్నారు. నీళ్ళ బల్ల దగ్గర అన్నాను. ఓ అదా, భలే అన్నావులే, పేపరాయన ఎలా నవ్వాడో గుర్తుందా అన్నారు."

"మరి మంచిదేగా అత్తా, ఆయన మనసులో పెట్టుకోలేదు."

"తిట్టినా బావుండేదే." దారం సూదిబెజ్జంలోకి పోలేదు. కొస తడి చేసి మళ్ళీ ప్రయత్నించింది. "సందు మొదట్లో నిలబడ్డాను చూశావుగా. ఉడుక్కున్నారనుకున్నా. వెనకాలే వెళ్దామా అనుకున్నాను. ఇంకా వెనకాలేనా, అనిపించింది. అంతే, ఆ ఒక్క క్షణం." ఈసారి దారం ఎక్కింది. ఆమె మిషను తొక్కలేదు.

మళ్ళీ పరుగు రోజులు వచ్చాయి. మందుల షాపాయన కోటు పట్టుకుని వస్తే, అత్త కుదరదంది. "ఆయన్ని వదిలి రాలేను."

"నేనేం పసిపిల్లాణ్ణా? వెళ్ళవే," అన్నాడు మామయ్య లోపల్నుంచి. "ఎవడో ఒకడు ఉంటాడుగా చివర."

అత్త తల అడ్డంగా ఊపింది. ఆ కోటు ఖాళీగా వెనక్కి పోవడం చూడలేక, నేను నడుస్తానన్నాను. మందుల షాపాయన నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళ బల్ల పిల్లవి కదూ? నీకు గొంతుందా?" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. కోటు నాకు వదులైతే అత్త నన్ను ముందుగదిలో నిలబెట్టి, పక్కలు లోపలికి మడిచి సూదులు గుచ్చింది. దూరంగా మైకులో మందుల షాపాయన అందర్నీ పిలుస్తున్నాడు. నాకు ఆలస్యమవుతోందని కంగారు.

"తోకకి తొందరేమిటమ్మా?" అన్నాడు మామయ్య గదిలోంచి.

అత్త పెదాల మధ్యనున్న సూదులన్నీ తీసి అరచేతిలో పోసుకుంది. పని మధ్యలో ఆమె అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

"చివర ఉన్నవాళ్ళు పక్కకు రమ్మంటే వెళ్ళు. ఎందుకని అడక్కు. నియమం, గియమం అనకు. వెళ్ళు."

"సరే అత్తా."

సూదులు మళ్ళీ నోట్లోకి వెళ్ళాయి. నాలుగు కుట్లు వేసి దారం కొరికేసరికి గదిలోంచి వాకరు చప్పుడు వినిపించింది. మామయ్య మొహం కడుక్కోవడానికి లేచాడు. అత్త సూదులను గోడకు వేలాడే సూదుల దిండుకు గుచ్చి పరిగెత్తినట్టే వెళ్ళింది.

నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నడవాలో వాకరు ఆ గోడకూ ఈ గోడకూ సరిగ్గా సరిపోయింది. మామయ్య దాన్ని ఎత్తి ముందు పెట్టి, అందులోకి అడుగు వేస్తున్నాడు. అత్త ఆయన పక్కకు జరగబోయింది. భుజం గోడకు తగిలింది. ఇంకోవైపు నుంచి చూసింది. అటూ చోటు లేదు. వెనక్కి తగ్గి, ఆయన వీపుకు తగలకుండా చెయ్యి చాచి పట్టుకుని నిలబడింది.

నడవా చివర తొట్టి మీద అద్దం ఉంది. మామయ్య ఆగి అందులోకి చూశాడు.

"అందరూ ఎక్కారా?"

"ఎక్కారండీ."

"అయితే రైట్ అనాలిగా."

అత్త చాచిన చెయ్యి దించకుండా ఒకడుగు దగ్గరికి జరిగింది.

"రైట్ రైట్," అంది ఆయన వెనక నుంచి.

మామయ్య వాకరు ఎత్తి ముందుకు పెట్టాడు.