పెరుగు చాలలేదని రాసిచ్చిన సర్టిఫికెట్టు

మా నాన్న పెళ్ళిళ్ళకి వంట చేసేవాడు. బందరు నుంచి గుడివాడ దాకా, ఇటు దివిసీమలో సముద్రం దాకా ఆయన చేతి పప్పుచారు తాగని ఊరు తక్కువ. వందమంది లోపు వంటంటే మాత్రం ఆయనకి చేతకాదు. ఇంట్లో నలుగురికి ఉప్మా చెయ్యమంటే గంగాళం కోసం వెతికేవాడు. అందుకని మా అమ్మ ఆయన్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. వండుతూ రుచి చూడడు. పెళ్ళివారికి పెట్టకముందే నోట్లో వేసుకుంటే ఎంగిలి అవుతుందని ఆయన గురువు చెప్పాడట. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పేవాడు. పెళ్ళి నుంచి ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, మజ్జిగన్నం, ఊరమిరపకాయ పెట్టమనేవాడు. "పెళ్ళిభోజనం చేసొచ్చి మళ్ళీ మజ్జిగన్నం ఏమిటి, కడుపా చెరువా" అని అమ్మ దెప్పేది. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు పెళ్ళిళ్ళలో నిలబడి తినడం మొదలైంది. యూనిఫారాలు వేసుకున్న కేటరింగు కుర్రాళ్ళు దిగారు. నాన్నకి పిలుపులు తగ్గాయి. గాడిపొయ్యి పొగ మింగీ మింగీ దగ్గు మాత్రం తగ్గలేదు. ఆ రోజుల్లోనే గుడివాడలో ఒక పెళ్ళికి జర్మనీలో హోటలు నడుపుకుంటున్న ఒకాయన వచ్చాడు. కడబంతిలో తిని, చెయ్యి కడుక్కుని, నేరుగా పొయ్యి దగ్గరికెళ్ళి "మా ఊరొచ్చి వండుతారా?" అనడిగాడు. నాన్న అలవాటుగా "ముహూర్తం ఎప్పుడండీ? ఎంతమందికి?" అన్నాడు. "రోజూనండి. నలభైమందికి" అన్నాడాయన. నలభై అనేసరికి నాన్నకి కాస్త చిన్నతనం అనిపించిందట.

ఆ హోటలాయన పద్ధతైన మనిషి. దొడ్డిదారులు వద్దు, అన్నీ చట్టప్రకారం కావాలన్నాడు. అక్కడి ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించి, ఒప్పందం కాగితాలు పంపాడు. నేను అప్పుడు బందరు కోర్టుల దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతూ, వచ్చేపోయేవాళ్ళకి అర్జీలు కొట్టిపెడుతుండేదాన్ని. ఇరవై ఏళ్ళు. మా ఇంట్లో ఇంగ్లీషు నా సొంత ఆస్తి. ఒప్పందాన్ని వరసగా తెలుగులో చదివి వినిపించాను. ఇన్ని గంటల పని, వారానికి ఒకరోజు సెలవు, రోజూ భోజనానికి అరగంట విరామం.

"తినడానికి కూడా కాగితం రాస్తారటే?" అన్నాడు నాన్న. అమ్మని పిలిచి మరీ ఆ వాక్యం నాచేత మళ్ళీ చదివించాడు. వారం రోజులు బజారంతా చెప్పుకుని నవ్వాడు.

చిక్కంతా ఒక్కచోటే వచ్చింది. వంటలో అనుభవం ఉన్నట్టు రుజువు కావాలన్నారు. పాతికేళ్ళు వండాడు గానీ, ఏ పెళ్ళి శుభలేఖలోనైనా వంటవాడి పేరు వేస్తారా? ఫొటోల్లో కూడా లేడు. ఒకే ఒక్క ఆల్బమ్‌లో పెళ్ళికూతురి వెనకాల ఆయన మోచెయ్యి కనిపించింది. అది ఆయన మోచెయ్యే అని అమ్మ ఒక్కతే గుర్తుపట్టింది.

బస్టాండు దగ్గర ఒక ఏజెంటు ఉండేవాడు. పెద్ద హోటల్లో మూడేళ్ళు చేసినట్టు, గుండ్రటి స్టాంపుతో సహా సర్టిఫికెట్టు ఇప్పిస్తానన్నాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదండీ. అక్కడ వడ్డించేవాడు మనవాడు కాడు, కాగితమైనా గట్టిగా ఉండాలి" అన్నాడు. నాన్న సగం ఒప్పేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పాతికేళ్ళ నిజం ఉండగా మూడేళ్ళ అబద్ధం ఎందుకని నడిరోడ్డు మీద అరిచాను. దొరికితే జన్మలో వీసా రాదని భయపెట్టాను కూడా. నాన్న ఏజెంటుకి వద్దని చెప్పేశాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన ప్రయాణం నా మెడకి చుట్టుకుంది. ఆగిపోతే నా వల్లే ఆగినట్టు.

వండించుకున్నవాళ్ళ దగ్గరే ఉత్తరాలు తీసుకుందామన్నాను. ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలో గుమాస్తాలకి ఇచ్చే నమూనా సర్టిఫికెట్టు ఒకటుంది. అది చూసి ఏడిళ్ళకి ఏడు ఉత్తరాలు నేనే ముందుగా టైపు చేసేశాను. సంతకాలు పెట్టించుకురావడమే మిగిలింది. అక్కడే తెలిసింది, మా జిల్లాలో ఊరికే సంతకం పెట్టే మనిషి పుట్టలేదని.

గుడివాడలో రిటైరైన హెడ్‌మాస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "అంతా బానే ఉందిగానమ్మా, మావాడి పెళ్ళిలో రెండో బంతికి అప్పడాలు మెత్తబడ్డాయి. అది రాయలేదే?" అన్నారు. పమిడిముక్కల రైతుగారైతే నాన్నని అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, ఎనిమిదేళ్ళనాటి పెరుగు సంగతి తీశారు. "కడబంతికి పెరుగు చాలలేదయ్యా. మా వియ్యంకుడు ఇప్పటికీ అంటాడు." నాన్న కప్పు కింద పెట్టేసి, "రెండు ట్రాక్టర్ల జనం చెప్పకుండా దిగితే నేనేం చేసేదండీ?" అన్నాడు. అరగంట వాదన జరిగింది. ఇలాంటివి సర్టిఫికెట్లో రాయకూడదండీ అని బతిమాలి ఇద్దరి చేతా సంతకం పెట్టించాను. మిగతా ఇళ్ళలోనూ ఇదే వరస.

ఏడు ఉత్తరాలతో చెన్నై వెళ్ళాం. వీసా ఆఫీసులోకి నాన్నని ఒక్కణ్ణే పంపారు. గంటలో బయటికొచ్చాడు. ఉత్తరాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

"ఏడూ ఒక్కలాగే ఉన్నాయంటోంది ఆఫీసరమ్మ. ఒకే మిషను మీద కొట్టారు, అవే మాటలు, ఏడింట్లోనూ ఒకే అక్షరం పైకి ఎగిరి పడుతోంది, ఇవి నిజమని ఎలా నమ్మను అంది. నెలలోపు వేరేవి తెమ్మంది."

మా మిషనులో ఒక అక్షరం గెంతుతుంది. పిల్లలకి రోజూ చెప్పేదాన్నే. నిజాన్ని నా చేతుల్తో నేనే అబద్ధం చేశాను. నాన్న తిట్టినా బాగుండేది. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. చివరికి బెజవాడ దగ్గరపడుతుండగా, "వాళ్ళు చెప్పిందే రాయిద్దామే. అప్పడాలు మెత్తబడ్డ మాట నిజమేగా" అన్నాడు.

మళ్ళీ తిరిగాం. ఈసారి ఎవరింట్లో వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు, తెలుగులోనే రాశారు. నేను ఇంగ్లీషులోకి మార్చి కింద జతచేశాను. హెడ్‌మాస్టరుగారు అప్పడాలకి పేరా కేటాయించారు. రైతుగారు పెరుగు గురించి పేజీన్నర రాసి, ఆఖర్న ఒక్క ముక్కగా, "అయినా రేపు మా మనవరాలి పెళ్ళికి కూడా ఇతన్నే పిలుస్తాను" అని ముగించారు. నాన్న ఆ ముక్కని నాలుగుసార్లు చదివించుకున్నాడు.

ఆఖరి ఇల్లు పాలకాయతిప్ప దగ్గర. చేపలమ్ముకునే ఒక పెద్దావిడది. ఆమె కూతురి పెళ్ళికి నాన్న వండాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ సంతకెళ్ళింది, ఉత్తరం మీద అల్లుడే సంతకం పెట్టాడు. ఈసారి ఆవిడే ఉంది. చదువు రాదు. నన్ను రాయమంది.

"ఏం రాస్తావో రాయమ్మా, ఇది మాత్రం రాయి. మా పిల్ల పెళ్ళిలో అందరూ తిన్నారు, మీ నాన్న తినలేదు. ఆకేసి మూడుసార్లు పిలిచా. వస్తా వస్తా అంటూనే గిన్నెలు కడిగించుకుని బస్సెక్కెళ్ళిపోయాడు. మా ఇంట్లో తినకూడదనుకున్నాడేమోనని ఇన్నేళ్ళూ మనసులో ఉండిపోయింది."

నాన్న ముఖం చూడలేకపోయాను. "అయ్యో అక్కా, అదేం మాట. నేను ఏ పెళ్ళిలోనూ తినను. కడబంతి లేచేదాకా కూర్చోకూడదు. లేచాక పొగకీ ఆ వాసనకీ ముద్ద దిగదు. ఇంటికెళ్ళి ఇంత మజ్జిగ పోసుకుని తింటా" అన్నాడు.

కడుపా చెరువా అని ఇంటిల్లిపాదీ నవ్విన ఆ మజ్జిగన్నమే ఆయనకి ఆ రోజుకి మొదటి ముద్ద. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, ఏం తిన్నావు నాన్నా అని నేను అడగలేదు. నాకు చాలా సిగ్గేసింది.

"అయితే ఇవాళ తిను. తింటేనే వేలిముద్ర" అంది ఆవిడ. నాన్న కూర్చున్నాడు. చేపలపులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. అప్పుడు ఆవిడ బొటనవేలు సిరాలో అద్దింది.

చెన్నైలో రెండోసారి లోపల ఏం జరిగిందో నాన్న బయటికొచ్చాక చెప్పాడు. ఆఫీసరమ్మ వరసగా చదువుతూ, పెరుగు దగ్గర ఆగి, ఇది నిజమేనా అనడిగిందట. ఇక చూసుకోండి. ఎనిమిది వందలమందికి ఎన్ని పాలు తోడెయ్యాలి, చలికాలమైతే తోడు ఎంత, ట్రాక్టరుకి ఎంతమంది పడతారు, అన్నీ ఏకరువు పెట్టాడట. తెలుగు మాటల్ని ఇంగ్లీషులో చెప్పే అమ్మాయి మధ్యలో మంచినీళ్ళు తాగిందట. ఆఖరికి ఆఫీసరమ్మే ఇక చాలు, నమ్మాను అని చెయ్యెత్తిందట.

"తరవాత ఆ చేపలావిడ ఉత్తరం చదివి, ఎందుకు తినలేదు అనడిగిందే. ఏం చెప్పను? వండినవాడికి ఆకలి ఉండదండీ అన్నాను. ఆవిడ మన ఒప్పందం కాగితం తిప్పి, ఆ అరగంట ఉంది చూడు, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించింది."

ఈసారి ఆయన నవ్వలేదు.

వీసా వచ్చింది. వెళ్ళాడు. వెళ్ళిన రెండో ఆదివారం ఫోను చేశాడు. అమ్మ చలి గురించి, దగ్గు గురించి అడిగాక ఫోను నేను లాక్కుని, నేర్చుకున్న ప్రశ్న అడిగాను.

"ఏం తిన్నావు నాన్నా?"

"అదో గోలే ఇక్కడ. పప్పుచారు మరుగుతుంటే కూడా వదలరు. గడియారం చూసి, వెళ్ళి కూర్చో, చట్టం ఒప్పుకోదు అంటాడు మన హోటలాయన. కూర్చున్నా. నేను వండిందే నాకే వడ్డించారు, వేడి వేడిగా." దగ్గు తెర ఒకటి వచ్చి పోయింది. "ఒసేయ్, నా పప్పుచారు బాగుంటుందే."

అందరూ అదే చెబుతారుగా నాన్నా అన్నాను. చెబుతారులే, తింటే తెలిసింది అన్నాడు. అప్పటికి ఆయనకి యాభై రెండేళ్ళు.