శత్రువుకి పెసరట్టు పెట్టి తుపాకీ పోగొట్టుకున్నాను

నాకు శత్రువులెవరూ లేరట! నా మాట కాదండి, పోలీసు వారు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్ది మరీ చెప్పారు. "ఎంత అదృష్టవంతుడివయ్యా" అనకండి, నాకు ఒళ్ళు మండిపోతోంది.

అసలు సంగతి వినండి. జంగారెడ్డిగూడెం అవతల మాకు పామాయిల్ తోట ఉంది. తోటలోనే ఇల్లు. పిలిస్తే పలికే దూరంలో మనిషి ఉండడు. రెండు నెలల్లో మూడుసార్లు బోరు మోటారు కేబుల్ కోసుకుపోయారు దొంగలు. మూడోసారైతే పెరట్లో ఆరేసిన నా పంచె కూడా! రాగి తీగకి రేటుంది, ఒప్పుకుంటాను. ఇస్త్రీపెట్టె మచ్చ పడ్డ పాత పంచెతో వాళ్ళకేం పనండీ? ఆ రోజు నుంచీ మా ఆవిడ పెరటి తలుపు తియ్యాలంటేనే భయపడుతోంది. "ఏదో ఒకటి చెయ్యండి" అంది. చేశాను. తిన్నగా రాజమండ్రి వెళ్ళి తుపాకుల షాపులో కూర్చున్నాను.

"తక్కువలో ఏమున్నాయండి?" అన్నాను. షాపాయన ఓ రివాల్వర్ ధర చెప్పాడు.

"దీనికి మంచి సెకండ్ హ్యాండ్ బైకొస్తుంది కదండీ!"

"బైకుని ఒంటి మీద దాచుకోలేరు కదండీ" అన్నాడు.

అదీ నిజమే. ఆఖరికి అన్నిటికంటే చవకైన చిన్నది చూపించి, "ముందు లైసెన్సు తెండి, తర్వాతే ముట్టుకోవడం" అన్నాడు.

దాచుకోవడం అంటే గుర్తొచ్చింది, నేను కట్టేది పంచె. తుపాకీ ఎక్కడ పెట్టాలి? ఇంటికొచ్చి టీవీ రిమోట్ బొడ్లో దోపుకుని ప్రాక్టీసు మొదలెట్టాను. భోజనానికి కూర్చోబోయి వంగానో లేదో, టీవీ సౌండు ఇల్లెగిరిపోయేలా పెరిగింది. "అదే తుపాకీ అయ్యుంటే ఈపాటికి మిమ్మల్ని ఆస్పత్రికి మోసేవాళ్ళం" అంది మా ఆవిడ. నేను పట్టించుకోలేదు.

దరఖాస్తు రాసిపెట్టిన ప్లీడరు గుమస్తా, "ప్రాణభయం ఉందని రాయాలండి, ఎవరివల్లో పేరు కూడా ఉంటే బలంగా ఉంటుంది" అన్నాడు. దొంగల పేర్లు నాకెలా తెలుస్తాయి? బుర్ర గోక్కుని, పక్క తోట వెంకట్రాజు గారి పేరు చెప్పాను. వరసకి బావగారు. ఏటా మా గట్టు జానెడు చెక్కేస్తారు. కిందటేడు "నీ అంతు చూస్తా" అన్నారు కూడా. అన్నమాటే రాయించాను, తప్పేంటండి?

హెడ్ కానిస్టేబుల్ గారు ఎంక్వైరీకి వచ్చారు. వరండాలో కూర్చోబెట్టి గట్టు తగాదా, ఆ బెదిరింపు, నా ప్రాణభయం, అన్నీ గొంతు వణికిస్తూ చెప్తున్నాను. ఆయన శ్రద్ధగా రాసుకుంటున్నారు. ఇంతలో గేటు చప్పుడైంది. వెంకట్రాజు గారు! మా ఇంటి ముందు పోలీసు బండి చూసి, మాకేం ముంచుకొచ్చిందోనని పరుగున వచ్చారట.

అప్పుడు నేనేం చెయ్యాలండి? వణకాలి. లోపలికి పోయి తలుపేసుకోవాలి. నేనేం చేశానో తెలుసా? "రండి రండి బావగారూ, సరైన టైముకొచ్చారు, టిఫిన్ చేద్దురుగాని!" అంటూ కుర్చీ లాగాను. ఇది నోరా అండీ! ఇక మా ఆవిడ ఊరుకుంటుందా? "అన్నయ్య గారికి అల్లం పచ్చడంటే ఇష్టం" అంటూ పెసరట్టు ఉప్మా పట్టుకొచ్చింది. ఆయన చాలు చాలంటుంటే రెండోది నేనే బలవంతంగా వేయించాను.

హెడ్డు గారు పెన్ను ఆపారు. "వెంకట్రాజు గారంటే మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"మీవల్ల ఈయనకి ప్రాణభయం అంటండి."

ఆయనకి ముద్ద గొంతులో అడ్డం పడింది. గబగబా నేనే నీళ్ళందించాను. అదీ రాసుకున్నారు!

"నావల్లా?" అన్నారు వెంకట్రాజు గారు తేరుకుని. "గట్టు దగ్గర కోపంలో ఏదో అన్నానే అనుకోండి. మొన్న చెల్లెమ్మకి జ్వరమొస్తే నా కారులో తీసుకెళ్ళలేదండీ బావగారూ?"

సిగ్గుతో చచ్చిపోయాను.

రిపోర్టులో ఏం రాశారో వినండి: "దరఖాస్తుదారునికి శత్రువులు లేరు. ప్రాణహాని తలపెట్టాడని చెప్పిన వ్యక్తికి దరఖాస్తుదారుడే కొసరి కొసరి టిఫిన్ వడ్డించగా చూసితిని." చూడ్డం ఏంటండి, తమరు మూడు తిన్నారు! అది రాయలేదే? దరఖాస్తు వెనక్కొచ్చేసింది.

మర్నాడు వెంకట్రాజు గారే ఓ కుక్కని తెచ్చి మా గేటు దగ్గర కట్టేశారు. "మహా పొగరుబోతండి, నా పాలేరునే కరిచింది. ఇంక దొంగలు ఇటు చూడరు" అన్నారు. నెల రోజులు మా ఇంటి అన్నం తింది. బాగుపడుతుందాండి అది? మొన్న మిట్టమధ్యాహ్నం ఎవడో కొత్త మనిషి గేటు తోసుకుని, మోటారు షెడ్డు వైపు చూస్తూ లోపలికొచ్చాడు. కుక్క తోకూపుకుంటూ ఎదురెళ్ళి వాణ్ణి వరండా దాకా తీసుకొచ్చింది! దాని మీద నాకెంత కోపమొచ్చిందో చెప్పలేను. గట్టిగా కసురుదామని నోరు తెరిచాను.

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుతారా అండీ?" అన్నాను.

రెండు గ్లాసులు తాగి, ఏదో అడ్రసు అడిగి, దండం పెట్టి వెళ్ళాడు. వెనకనుంచి చూస్తే అప్పుడు కనబడింది, వాడి పంచె మీద ఇస్త్రీపెట్టె మచ్చ. నా పంచే! అప్పటికే వాణ్ణి గేటు దాకా సాగనంపి, "మళ్ళీ రండి" అనేశాను.