దారి అడగని కారు

మా ముత్తాతకు గవర్నరు బంగళాలో కుర్చీ ఉండేది. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు దొరతనం చేసిన రోజుల్లో ఆ బంగళాకు వెళ్లి, నిలబడి మాట్లాడి వచ్చినవాళ్లు చాలామంది. కూర్చుని మాట్లాడినవాళ్లు కొద్దిమంది. ఆయన కొడుకు, అంటే మా తాత, కిరుమాంబాక్కం చుట్టుపక్కల నాలుగూళ్లకు పెద్దమనిషి. తగవు వస్తే ఆయన మాటే తీర్పు. మా నాన్న ఏ పదవీ చేయలేదు గానీ, ఆయన వీధిలో ఎదురైతే సైకిలు మీద పోయేవాళ్లు దిగి నడిచేవాళ్లు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఊళ్లో పాతవాళ్లందరికీ తెలిసిన సంగతులే.

మా ఇంటికి ఒక పద్ధతి ఉండేది. మావాళ్లు దారి అడగరు. తాత గుర్రబ్బండిలో బయలుదేరితే ఒక మనిషి ముందు పరుగెత్తేవాడు. ఎక్కడ తిరగాలో అతడే కనుక్కుని చెయ్యెత్తి చూపేవాడు. దారి అడిగినవాడు ఆ ఊరికి పరాయివాడని తాత అనేవాడట. నాన్న కాలానికి బండీ లేదు, ముందు పరుగెత్తే మనిషీ లేడు, పద్ధతి మాత్రం మిగిలింది. అందుకని ఆయన తెలియని చోటికి వెళ్లడమే మానుకున్నాడు.

నాకు ఆ వీలు లేకపోయింది.

రెండువేల దశకం చివరి ఏళ్లవి. పట్నంలోని పాత ఇల్లు పంపకాల్లో పోయింది. మేం నెల్లితోపులో ఒక మేడ మీది వాటాలోకి మారాం. నా భాగానికి వచ్చినదాంట్లోంచి నేను ఒక కారు కొన్నాను. బదిలీ మీద ఊరు విడిచి వెళ్తున్న ఒక ఫ్యాక్టరీ మేనేజరు వాడిన పెద్ద నల్ల కారు. సర్కారు ఆఫీసులో పని చేస్తూ రోజూ టౌన్ బస్సులో వెళ్లివచ్చే నా భార్యకు అది నచ్చలేదు.

"బస్సులో పొయ్యేదానికి నాకేం నామోషీ లేదు. మీకు ఉంటే మీరు ఎక్కండి," అంది. నేను ఎక్కాను.

ఆ కారులో స్టీరింగు పక్కన ఒక తెర ఉండేది. డిక్కీలో ఎడమ పక్క ఒక ఇనప పెట్టె, ఆ పెట్టెలో ఒక డిస్కు. దేశంలోని రోడ్లన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. అది తిరుగుతూ ఉంటే పటం ముందున్న తెర మీదికి వస్తుంది. మనం ఎక్కడున్నామో ఆకాశంలోని ఉపగ్రహాలు చెబితే, పటం మీద ఒక బాణం గుర్తు మనతో పాటు కదులుతుంది. మలుపు రాబోతుంటే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ముందే చెబుతుంది. ఆమెను నేను ఏమీ అడగనక్కర్లేదు. తాతకు ముందు పరుగెత్తిన మనిషి నాకు మళ్లీ దొరికినట్టు అనిపించింది.

అప్పటికి మాకు మిగిలిన నేల కిరుమాంబాక్కం పొలం ఒక్కటే. కౌలు రైతు ముసలివాడై మానుకున్నాక అది బీడు పడింది. మూలకుళంలో ఇటుకలు, సిమెంటు అమ్మే ఒకాయన దాన్ని కొంటానని వచ్చాడు. మావాళ్లలాగే ఎప్పటినుంచో ఇక్కడ ఉంటున్న తెలుగు కుటుంబమే. తల్లిది కిరుమాంబాక్కం.

"అమావాస్య పోయినాక ఒకసారి ఇద్దరం పోయి చూసొద్దామన్నా. హద్దులు మీరే చూపించండి. పెద్దింటోళ్లు చూపిస్తే బాగుంటాది," అన్నాడు.

సరే అన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ పొలం ఎక్కడుందో నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకసారి వెళ్లానట, తాత ఒడిలో నిద్రపోతూ. వడ్లు మా ఇంటికి వచ్చేవి, మేం వడ్ల దగ్గరికి వెళ్లేవాళ్లం కాదు. నాన్న చెప్పిన ఒక్క మాటే గుర్తుంది: ఏరి నుంచి వచ్చే కాలువ రెండోసారి ఎక్కడ వంగుతుందో అక్కడ, కాలువను ఆనుకుని. ఇక్కడ చెరువును ఏరి అనే అంటాం.

డిస్కు పటంలో కిరుమాంబాక్కం లోపలి మట్టిదారులు లేవు. కానీ ఏరి నీలంగా ఉంది. దాన్నుంచి దారప్పోగులా కాలువ కూడా ఉంది. బాణం సరిగ్గా నిలిస్తే, ఆ నీలం పోగు పక్కనే నడిపి రెండో వంపు దగ్గర కారు ఆపవచ్చు. అమ్మేలోగా ఒక్కసారి, ఎవరినీ అడగకుండా, నా అంతట నేను నా పొలం గట్టున దిగాలి. నాకు కావలసింది అంతే.

మొదటి రోజు కడలూరు రోడ్డు ఎక్కక ముందే తెర నల్లబడింది. డిస్కు చదవలేకపోతున్నానని అక్షరాలు వచ్చాయి. ఎండకు పెట్టె వేడెక్కిందేమోనని నీడలో ఆపి చూశాను. సముద్రపు తేమ పట్టిందేమోనని డిక్కీ తెరిచి ఆరబెట్టాను. ఇంజను ఆపడం, మళ్లీ పెట్టడం, ఇదే పని. చివరికి డిస్కు బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే సంగతి తెలిసింది. మెరిసే పక్కన చందనం ఎండి అట్ట కట్టింది. దాని నడుమ కుంకం.

అది నేను పెట్టిందే. ఆయుధపూజ రోజున మా ఇంట్లో తాత కాలంలో తుపాకులకు, కత్తులకు బొట్టు పెట్టేవాళ్లు. అవి లేవు గనుక నేను కారుకు, తెరకు, పెట్టెకు, డిస్కుకు పెట్టాను. డిస్కుకు రెండో పక్కన ఎవరిదో కంపెనీ పేరు అచ్చు వేసి ఉంది. ఇంకొకరి పేరు మీద మా ఇంటి కుంకం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

"ఏందండీ ఇది," అంది నా భార్య డిస్కును చూసి. "దాని కంట్లోనే కుంకం కొట్టినారే. ఇంక యాడ చదువుతుంది?"

మెత్తని గుడ్డను కొంచెం తడిపి నడుమ నుంచి అంచు వైపుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు డిస్కు తిరిగే వైపే పడతాయి, అప్పుడు పెట్టె ఏదీ చదవలేదు. అలాగే తుడిచాను. పెట్టె లోపలి లెన్సు మీద కూడా కుంకం పొడి రాలి ఉంటుందని, చిన్న బ్రష్షు అతికించిన ప్రత్యేకమైన డిస్కు ఒకటి కొని తెచ్చి తిప్పాను. పటం వచ్చింది.

పటం వచ్చింది గానీ బాణం నిలవలేదు. నెల్లితోపు మార్కెట్టు దగ్గర ఉంటే తెర మీద ఇంకో వీధిలో ఉన్నట్టు చూపేది. కడలూరు రోడ్డు మీద దక్షిణంగా పోతుంటే బాణం తూర్పుకు జరిగి, ఒడ్డు దాటి, నీళ్లలోకి దిగేది. వీలైనప్పుడు వెనక్కి తిరగమని ఆడగొంతు చెబుతూనే ఉండేది. ఒక ఆదివారం నా భార్య పక్కన కూర్చుంది.

"బంగాళాఖాతంలో ఉండామే," అంది తెర చూస్తూ. "అద్దాలు ఎత్తండి, నీళ్లొస్తాయి."

నేను నవ్వలేదు. అమావాస్య దగ్గర పడుతోంది. వైర్లు బిగించి చూశాను. బ్యాటరీ తీగ విప్పి, కొంతసేపు ఆగి, మళ్లీ తగిలించాను. అలా చేస్తే యంత్రం అన్నీ మరిచిపోయి కొత్తగా మొదలుపెడుతుంది. తాను ఎక్కడున్నదీ కనుక్కోవడానికి దానికి చెట్లూ మేడలూ లేని చోట ఆకాశం కనబడాలి. అందుకని కారును సముద్రపు ఒడ్డుకు తోలుకుపోయి నిలబెట్టాను. వేరుశనగలు అమ్మేవాడు వచ్చి కారు అద్దంలోంచి తెరను చూసి, సినిమా వస్తుందా అని అడిగి వెళ్లాడు. బాణం ఎక్కడా కుదురుకోలేదు. నేనూ కుదురుకోలేదు. కారు చుట్టూ తిరుగుతూ, తలుపు తీస్తూ, వేస్తూ ఉన్నాను.

ఆ మేనేజరు కారులో వదిలిపోయిన కంపెనీ పుస్తకాన్ని నా భార్య ఆఫీసుకు తీసుకుపోయి, బస్సులో చదువుకుంటూ వచ్చింది. సాయంత్రం కారు దగ్గరికి దిగి, ముందు అద్దం కింద వేలు పెట్టి చూపింది.

"ఉపగ్రహం మాట వినే చెవి ఈ డ్యాష్‌బోర్డు కింద ఉండాదంట. దాని మీద లోహం ఏదీ పెట్టకూడదని రాసినారు. మీరేం పెట్టినారు?"

అక్కడ మా పాత ఇంటి గేటుకు ఉండిన ఇత్తడి పలక ఉంది. తాత పేరు ఫ్రెంచి అక్షరాల్లో చెక్కిన పలక. ఇల్లు పోయినప్పుడు నా చేత్తో ఊడదీసి తెచ్చినదాన్ని, ఆ ఆయుధపూజ రోజునే బయటివాళ్లకు కనబడేలా అద్దం కింద మరలు వేసి బిగించుకున్నాను.

"మీ తాత పేరు ఆకాశానికి అడ్డం పడింది," అంది ఆమె.

"ఆయన అడ్డం పడితే గవర్నరు కూడా ఆగేవాడు," అన్నాను.

"ఆ గవర్నరు ఆగుంటాడు. శాటిలైట్ ఆగదు గదండీ. ఇంతకీ నోరు తెరిచి ఒక మాట అడిగితే పోయేదానికి ఇన్ని తిప్పలా? కిరుమాంబాక్కంలో ఎవుర్ని అడిగినా చెప్తారు."

"అడగను."

"తెలుసు. మరలు విప్పేదానికి స్క్రూడ్రైవరు తెస్తా," అని మేడెక్కిపోయింది.

ఆ రోజు విప్పలేదు. మర్నాడు కూడా కారు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చాను. ఆ పలక లేకుండా అది ఎవరి కారైనా కావచ్చు. కానీ పలకతో ఎక్కడికీ చేరను. మూడోనాడు పొద్దున్నే విప్పి, తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టాను. కారు వీధి మొగ చేరేసరికి బాణం మా వీధిలోకి వచ్చి నిలబడింది.

ఆ మధ్యాహ్నమే కిరుమాంబాక్కం వెళ్లాను. పెద్దరోడ్డు మీద బాణం తప్పలేదు. కాలువ వైపుకు దిగే మట్టిదారి మొదట్లో ఒక టీకొట్టు ఉంది. కారు నెమ్మదించగానే కొట్టాయన బయటికి వచ్చాడు.

"ఎవురు కావాలయ్యా?"

"ఎవరూ అక్కర్లేదు. గాలి కోసం వచ్చాను."

"మిట్టమధ్యాన్నం గాలికా?" అని లోపలికి తిరిగి ఎవరితోనో ఏదో తమిళంలో అన్నాడు. లోపలివాళ్లు నవ్వారు. అంతమంది చూస్తుండగా లోపలికి తిప్పి, దారి తప్పి వెనక్కి రావడం నాకు సాధ్యం కాదు. కారు తిప్పుకుని వచ్చేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాను. మళ్లీ కొట్టాయన బయటికి వచ్చాడు. మళ్లీ తిప్పుకున్నాను.

అమావాస్య వెళ్లింది. కొనేవాడు తెల్లచొక్కా వేసుకుని పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీ కారు మా అమ్మ ఊరి పక్క కనపడిందంటనే," అన్నాడు.

"పని మీద వెళ్లాను."

"పెద్ద పటం పెట్టినారే. ఇందులో మన ఊరు కూడా వస్తాదా?"

"అన్నీ వస్తాయి," అన్నాను.

టీకొట్టు దగ్గర నెమ్మదించకుండా మట్టిదారిలోకి తిప్పాను. గుంతల్లో కారు ఎగిరిపడుతుంటే పటం ఒకటి రెండుసార్లు ఆగి, మళ్లీ కదిలింది. ఆగినప్పుడల్లా నా కాలు బ్రేకు మీదికి పోయేది. ఆయన చేతులు కట్టుకుని తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఈ దారులన్నీ ఆయన చిన్నప్పుడు తిరిగినవే. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు బాణం నీలం పోగును ఆనుకుని పోతోంది. మొదటి వంపు. పక్కన తాడిచెట్లు, ఒక పంపుసెట్టు గది. రెండో వంపు. అక్కడ ఆపాను.

దిగి గట్టు మీద నిలబడ్డాను. పచ్చగా నాటు వేసిన పొలం. బీడు పడిందన్నారే అనుకున్నాను. ఎవరో దున్నుకుంటున్నారు కాబోలు, దాని సంగతి తర్వాత చూడవచ్చు. చెయ్యి చాచి, ఈ గట్టు నుంచి ఆ తాడిచెట్ల దాకా, అన్నాను. నా గొంతు మా నాన్న గొంతులా వినబడింది.

"సరేన్నా," అన్నాడు ఆయన.

ఇంతలో మడిలోంచి ఒకామె కొడవలి పట్టుకుని గట్టెక్కి వచ్చింది. నన్నూ, కారునూ, ఆయననూ చూసింది.

"ఏందబ్బాయా, మా చేను అమ్మకానికి పెట్టినామని ఎవురు చెప్పినారు?" అంది ఆయనతో.

ఆయన తడుముకోలేదు.

"లేదక్కా. అన్నోళ్ల పొలం చూసేదానికి వచ్చినాం. ఏరి కట్ట తెగినప్పుడు కాలువ ఇటు తిప్పేసినారు గదా, పాతకాలువ అవతల అన్నోళ్లది. ఈ గట్టు మెరక, ఇక్కడ్నుంచి మొత్తం కనపడుతుందని నిలబడినారు."

"ఓ, పెద్దింటోళ్లదా," అని ఆమె కొడవలితో చూపింది. "అదో, ఆ తుమ్మచెట్లున్నాయి చూడు, అదంతా."

నేను అటు తిరిగాను. పూడిపోయిన కాలువకు అవతల, ముళ్లతుమ్మ కమ్ముకున్న నేల. నడుమ కూలిన ఒక బావి ఒర. డిస్కులో కాలువ కొత్తది, నాన్న చెప్పిన వంపు పాతది. యంత్రం తప్పేమీ లేదు. కారు తెర మీద బాణం కూడా నేను నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

ఆయన చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. "దిగి పోదామా అన్నా? బురద తక్కువే. నేను ముందు నడుస్తా, నా వెనకే రండి."

"అక్కర్లేదు," అన్నాను. "ఇక్కడినుంచి బాగానే కనిపిస్తోంది."

ఆయన మళ్లీ చెప్పులు వేసుకుని, నాకు కాస్త వెనకగా, నేను చూసినంతసేపూ నిలబడ్డాడు. ఎంతసేపు చూడాలో నాకు తెలియలేదు. జేబులో తాళాలు తిప్పుతూ ఉన్నాను.

పొంగలికి ముందే ఆ పొలాన్ని, బావితో సహా, ఆయనకు అమ్మేశాను.