బోర్డు కోసం వేసిన బోరు

ఆ రోజుల్లో మా కళ్యాణదుర్గంలో వానలు తక్కువ, సేవ ఎక్కువ. ఎండలు ముదిరితే చాలు, బస్టాండు చుట్టూ చలివేంద్రాలు వెలిసేవి. ఒక్కో చలివేంద్రంలో రెండు కుండలు, వాటి మీద పందిరంత బ్యానరు, బ్యానరు నిండా మీసాల పెద్దమనుషుల ఫోటోలు. (కుండల్లో నీళ్ళు వారం తిరక్కుండానే అడుగంటేవి. బ్యానరు మాత్రం వానొచ్చి చించేదాకా ఉండేది, అంటే మా ఊళ్ళో దాదాపు శాశ్వతంగా.) నేను అనంతపురంలో ఎం.ఏ. ఇంగ్లీషు ముగించుకుని, ఉద్యోగం రాక, ఇంట్లో మా నాయన కంటబడకుండా తిరిగే విద్యలో ఆరితేరుతున్న కాలం అది. అలాంటి నన్ను సేవామార్గంలోకి లాగినవాడు మా మామ.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు, శెనక్కాయల మండీ యజమాని, ఆ ఏడాది మా ఊరి సేవా క్లబ్బుకు ప్రెసిడెంటు. క్లబ్బు బిళ్ళ తగిలించుకోవడానికి చోటు కావాలనే ఒక్క కారణంతో మా ఎండల్లో కోటు తొడిగిన ధీరుడు. ఆయన హయాంలో ఒక ముసలాయనకు దుప్పటి ఇస్తే పదిమంది దాన్ని పట్టుకునేవారు. ఫోటోలో ముసలాయన కనబడేవాడు కాదు. అయినా మామ చెడ్డవాడు కాడు. చేసిన మంచి నలుగురికీ కనబడకపోతే అది జరిగిందని ఆయనకే నమ్మకం కుదిరేది కాదు, అంతే.

ఊరి బయట గుట్ట కింద ఒక కాలనీ ఉండేది. అక్కడి ఆడవాళ్ళు కరెంటు ఎప్పుడొస్తుందా అని కాచుకుని, బిందెలెత్తుకుని, ఎవరో రైతు తోటలోని మోటారు దగ్గరికి నడిచేవారు. ఆ రైతు మనసు బాగుంటే నీళ్ళు, లేకుంటే తిట్లు. ఈ కాలనీకి బోరు వేయించమని సముద్రాల అవతల ఒక చలిదేశపు క్లబ్బువాళ్ళు మా క్లబ్బుకు డబ్బు పంపారు. ప్రారంభోత్సవానికి వాళ్ళ మనిషి కూడా వస్తున్నాడని తెలిసి మామ కొత్త కోటు కుట్టించాడు.

మా వైపు బోరు వేసేముందు కొబ్బరికాయ పట్టించడం ఆనవాయితీ. అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని నడుస్తుంటే, జల ఉన్న చోట అది లేచి నిలబడుతుందని నమ్మకం. కాయ పట్టే సాయిబన్న కాలనీ అంతా తిరిగాడు. చివరికి ఒక అవ్వ పెంటదిబ్బ పక్కన కాయ నిటారుగా నిలబడింది. (సాయిబన్న కాయ నిలిచిన చోటల్లా నీళ్ళు పడతాయని కాదు. మా నాయన చేలో ఆయన చూపిన రెండు బోర్లూ దుమ్ము కక్కినవే.)

మామ ముక్కు మూసుకుని చుట్టూ చూశాడు. "ఈడ వేస్తే బోర్డు యాడ పెట్టాలప్పా? రోడ్డున పొయ్యే బస్సులకు అగుపించొద్దా? దొరను పిల్చుకోనొచ్చి పెంటదిబ్బ చూపించాల్నా?"

"నీళ్ళు బస్సులకా, మాకా?" అంది అవ్వ.

ఆ ప్రశ్న క్లబ్బు మినిట్సులోకి ఎక్కలేదు. బోరు రోడ్డు పక్కనే వేశారు. బోరు బండి పొద్దంతా రంకెలు వేసింది. పైకొచ్చిందల్లా తెల్లటి రాతిపిండి. చేతుల్లో బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు తలలు, కనుబొమలు నెరిసిపోయి ఇళ్ళకు పోయారు.

దొర రాక దగ్గరపడింది. మామ మాత్రం చలించలేదు. "దొరేమన్నా బోర్లోకి దూరి చూస్తాడారా?" అని, రోడ్డు పక్కన దిమ్మె కట్టించి, దాని మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, కింద కొళాయి పెట్టించాడు. ఆ పక్కనే బస్సులో నిద్రపోయేవాడికి కూడా కనబడేంత బోర్డు. ప్రారంభం నాటి పొద్దున ట్యాంకరుతో ట్యాంకు నింపి, ఆ ట్యాంకరును ముళ్ళకంప చాటున దాచాడు. నాకు అప్పగించిన పని దుబాసీ పని. అవతలివాళ్ళ ఇంగ్లీషును తెలుగు చేయాలి, మావాళ్ళ తెలుగును ఇంగ్లీషు చేయాలి.

దొర తాటిచెట్టంత పొడుగు. తలపాగా చుట్టడానికి మామ కుర్చీ ఎక్కవలసి వచ్చింది. శాలువాలు, దండలు అయ్యాక దొర మైకు అందుకున్నాడు. వాళ్ళ క్లబ్బులో అందరూ ముసలివాళ్ళేనట. మంచు కురుస్తుంటే వీధిలో నిలబడి, ఇంట్లో చేసిన రొట్టెలు అమ్మి ఈ బోరుకు కూడబెట్టారట. నడవలేని ఒక ముసలమ్మ కూర్చున్న చోటే మేజోళ్ళు అల్లి అమ్మిందట. ఆమె తన పేరు మీద మొదటి గ్లాసు తాగి, ఆ నీళ్ళు ఎలా ఉన్నాయో వచ్చి చెప్పమందట. దాన్ని తెలుగులో చెబుతూ, ముళ్ళకంప వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను. దొర కొళాయి తిప్పి, గ్లాసు ఎత్తి తాగి, "తియ్యగా ఉన్నాయి" అన్నాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

తర్వాత కాలనీ తరఫున కృతజ్ఞతలు. ముడతలు ఫోటోలో బాగా పడతాయని మామ పెంటదిబ్బ అవ్వనే ఎంచుకున్నాడు. అవ్వ మైకు పట్టుకుని దొర కళ్ళలోకి చూసింది.

"ఏమప్పా దొరా, నువ్వు మంచోనివి మాదిరుండావు. ఈ నీళ్ళు బోరువి కావప్పా. అదో, ఆ కంప చాటున ట్యాంకరుండాది. రేపు నువ్వూ పోతావు, ట్యాంకరూ పోతాది. మేము మళ్ళా బిందెలెత్తుకోని తిట్లు తినను పోవాల." నా వైపు తిరిగింది. "చెప్పు నాయనా, ఆయప్పకు."

మామ నా చెవిలో, "అల్లుడా, థాంక్స్ అని చెప్పి ముగించు" అన్నాడు. దొర నవ్వుతూ నా వైపు వంగాడు. నిజం చెబితే మామ పరువూ పోతుంది, మేజోళ్ళు అల్లిన ముసలమ్మ గుండే పగులుతుంది. థాంక్స్ అంటే అవ్వ బిందె ఖాళీ. అవ్వ నా నోటినే చూస్తోంది. ఎం.ఏ.లో ఇలాంటి అనువాదం మాకు పెట్టలేదు. నా నోటి నుంచి వచ్చిన ఇంగ్లీషుకు అర్థం ఇది: "ఈ కొళాయిలో రోజూ నీళ్ళు వచ్చేలా చూసే పూచీ మా ప్రెసిడెంటుగారు సొంతంగా తలకెత్తుకున్నారు. అది జరుగుతుందో లేదోనని ఈ అవ్వకు భయం."

దొర కళ్ళు చెమ్మగిల్లాయి. మామను ఎత్తినంత పనిచేసి కౌగిలించుకుని, నెలనెలా ఫోను వీడియోలో ఈ కొళాయిని చూస్తాననీ, ముసలమ్మకు చూపిస్తాననీ అన్నాడు. మామకు ఇంగ్లీషు అర్థం కాని చోట చప్పట్లు కొట్టే అలవాటు. గట్టిగా కొట్టాడు.

"ఏం చెప్పినావు నాయనా?" అంది అవ్వ.

"రోజూ నీళ్ళిచ్చే పూచీ మా మామదని చెప్పినానవ్వా" అన్నాను మైకులోనే. కాలనీ మొత్తం చప్పట్లు కొట్టింది. మామ చేతులు మాత్రం అక్కడితో ఆగిపోయాయి.

తిరుగుదారిలో మామ కోటు విప్పుతూ అడిగాడు. "నువ్వు చదివింది ఇంగ్లీషా, వకాల్తా?"

ఆ తర్వాత రోజూ ట్యాంకరు తోలించక తప్పలేదు. ఒక్కపూట ఆలస్యమైతే అవ్వ బిందెతో మండీకి వచ్చి శెనక్కాయల మూటల మీద కూర్చునేది. నెలకోసారి దొర ఫోను చేస్తే మామ కోటు తొడుక్కుని కొళాయి పక్కన నిలబడేవాడు. చివరికి వేసారిపోయి పెంటదిబ్బ పక్కన సొంత దుడ్లతో బోరు వేయించాడు. సాయిబన్న కాయ మహిమో, అవ్వ నోటి మహిమో, నీళ్ళు పడ్డాయి! పైపులు వేసి రోడ్డు పక్క కొళాయికి కలిపారు. కానీ ప్రారంభోత్సవం ఎలా చేయాలి? దొర దృష్టిలో నీళ్ళు మొదటి నుంచీ ఉన్నాయాయె. బోర్డు లేదు, ఫోటో లేదు, శాలువా లేదు. బురదలో తడిసిన పంచెతో నిలబడి మామ అలవాటుగా ఫోటోగ్రాఫరు కోసం చుట్టూ చూశాడు. నేనొక్కడినే ఉన్నాను. "చూసినావు కదరా అల్లుడా, నువ్వన్నా చూసినావు కదా" అన్నాడు. ఆయన మీద నాకు అంత ప్రేమ కలిగింది ఆ రోజే.

ఇప్పుడు నేను అనంతపురంలో లెక్చరరును. నా చొక్కాకూ క్లబ్బు బిళ్ళ ఉంది. మొన్న ఎండల్లో కాలేజీ ముందు మేము చలివేంద్రం పెట్టాం. ఫోటోలో బ్యానరు పడటం లేదంటే, వేపచెట్టు నీడలోని కుండల్ని నేనే మోసుకొచ్చి ఎండలో పెట్టాను. ఫోటోలు ముగిసేసరికి ఒక ఆటో అన్న గ్లాసు ముంచుకుని తాగి, "ఏమన్నా, నీళ్ళు కాగబెట్టినారా?" అన్నాడు. నేను బిళ్ళ సర్దుకుని కుండల్ని మళ్ళీ నీడలోకి మోశాను. ఇంకో ఫోటో తీసి మామకు పంపితే వెంటనే ఫోను చేశాడు.

"బోర్డు అగుపించలేదేమిరా?"

"కుండలు నీడలో ఉండాయి మామా."

మామ గొంతు తగ్గించి అడిగాడు. "నీళ్ళు చల్లగుండాయా?"